ఖాళీ చేతులు

ఆయుధపూజ నాడు పనిముట్టుకు సెలవివ్వాలి. వడ్రంగి ఉలికీ, డ్రైవరు లారీకీ ఇచ్చినట్టే మనం సర్వరుకూ ఇవ్వాలన్నది రత్నమాంబ గారి పట్టుదల. ఆవిడ ఆసరా కేంద్రానికి అధికారి. విశాఖపట్నం దాటాక సముద్రం వైపు తిరిగిన ఒక కొండ మీద ఉంది ఆ కేంద్రం. అందులో ఉన్నవి రెండే రెండు పెద్ద సర్వర్లు. కాగితాల మీద వాటికి బారెడు నంబర్లున్నా అందరూ పిలిచేది మాత్రం పెద్దాడు, చిన్నాడు అనే.

పెద్దాడు పని చేస్తుంటే చిన్నాడు పక్కన నిలబడి చూస్తుంటాడు. పెద్దాడు తూలితే, ఊపిరి తీసి వదిలేలోగా బరువంతా చిన్నాడు అందుకోవాలి. ఆ బరువు మామూలుది కాదు, నలభై ఒక్క మంది మనుషుల జ్ఞాపకాలు. మెదడుజ్వరం వచ్చి, బుర్రలో కొత్త సంగతులు రాసుకునే చోటు కాలిపోయినవాళ్ళు వాళ్ళు. చెవి వెనక రూపాయంత బిళ్ళ ఒకటి పెట్టుకుంటారు. వాళ్ళు చూసిందీ విన్నదీ ఆ బిళ్ళ కొండ మీదికి పంపిస్తుంది, కావలసినప్పుడు తెచ్చి ఇస్తుంది. మనిషికో ఫైలు. బిళ్ళ తీస్తే జ్వరానికి ముందు సంగతులన్నీ భద్రంగానే ఉంటాయి, తర్వాతవి ఒక్కటీ ఉండవు. ఇప్పుడు చూసింది కూడా నాలుగైదు నిమిషాల్లో ఆవిరైపోతుంది.

ఆ నలభై ఒక్కరిలో కుసుమ ఒకతె. ఆ సర్వర్లను కనిపెట్టుకుని ఉండే తొమ్మండుగురు ఇంజనీర్లలో ఆమె మొగుడు శేషగిరి ఒకడు. ఏడేళ్ళ కిందట ఎనిమిదో నెల కడుపుతో ఉండగా కుసుమకు జ్వరం తగిలింది. ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నప్పుడే ఆపరేషన్ చేసి పిల్లను తీశారు. పిల్ల పేరు జాహ్నవి, ఇంట్లో జానూ. పిల్ల మొదటి నవ్వు, మొదటి అడుగు, బడికి వెళ్ళనని గేటు పట్టుకు వేలాడడం, ఇవన్నీ కుసుమ బుర్రలో లేవు, కొండ మీద ఉన్నాయి. అసలు తనకొక కూతురుందన్న సంగతే కొండ మీద ఉంది.

"ఏడాదికో రోజైనా పెద్దాడిని పడుకోబెట్టి, చిన్నాడు బరువు మొయ్యగలడో లేదో చూడకపోతే రేపు పెద్దాడు నిజంగా పడిపోయినప్పుడు ఏటి చేస్తారర్రా? దానికి దసరా కంటే మంచి రోజేదుంది?" అనేది రత్నమాంబ. మాట సబబుగానే ఉంది కనక ఆరేళ్ళుగా ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ ఏడూ పెద్దాడికి పసుపు రాశారు. బొట్లు పెట్టారు. బూడిద గుమ్మడికాయ తెచ్చి గుమ్మంలో పెట్టారు. తొమ్మిదిన్నరకి రావలసిన పంతులు గారు తొమ్మిదింటికే దిగి, "కింద లారీ ఆఫీసులో పదింటికి ఒప్పుకున్నానమ్మా, మీది ముందు కానిచ్చేద్దాం" అన్నారు. రత్నమాంబ సరేనని అందరినీ లేవమంది.

సర్వరు మార్చే ముందు ఆ కేంద్రంలో ఒక ఆచారం ఉంది. ఏ ఫైలునైనా ఒకరు రాస్తుంటే, ఇంకొకరు చెయ్యి పెట్టకుండా సర్వరు దానికి తాళం వేస్తుంది. రాసినవాడు పని ముగించి మూస్తే తాళం దానంతటదే పోతుంది. మూయకుండా పెద్దాడిని పడుకోబెడితే చిన్నాడికి తాళం కనబడుతుంది కాని, తాళం వేసిన మనిషి కనబడడు. ఫైలు తెరవమంటే 'మరొకరి వాడుకలో ఉంది' అని మొరాయిస్తాడు. మరమ్మతు కోసం తెరిచిన ఫైళ్ళు మామూలు జాబితాలో కనబడవు కూడా. అందుకని అందరూ కుర్చీల్లోంచి లేచి, రెండు అరచేతులూ ఎత్తి చూపించి, వరసగా ఒక్కొక్కరే "ఖాళీ" అనాలి. నా చేతిలో ఏ ఫైలూ లేదని మాట ఇవ్వడం అన్నమాట. కొత్తగా చేరినవాళ్ళు మొదటిసారి నవ్వుతారు, రత్నమాంబ మొహం చూసి మానేస్తారు.

"ఖాళీ," అన్నాడు కామేశం. అతను శేషగిరి పక్క కుర్చీ. "ఖాళీ," అన్నది అటు పక్కావిడ.

శేషగిరి స్క్రీన్ మీద అప్పుడు ఒక పని నడుస్తోంది. ఇంకా నాలుగు నిమిషాలుంది. ఫైలు పేరు కుసుమ.

అతను స్క్రీన్ కట్టేశాడు. లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ఎత్తాడు.

"ఖాళీ," అన్నాడు. కట్టుకున్న పెళ్ళాం ఏడేళ్ళ బతుకును గుప్పిట్లో పెట్టుకుని ఆ మాట అన్నాడు, సిగ్గులేని మనిషి.

*

ఆ ఫైల్లో అతనికేం పనో చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్ళాలి.

శ్రావణమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మొగుడూపెళ్ళాలు మాటా మాటా అనుకున్నారు. కుసుమ జానూను తీసుకుని బొబ్బిలిలో అన్నగారింటికి పది రోజులు వెళ్తానంది. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు, వద్దన్నాడు శేషగిరి. సిగ్నల్ ఉంటుందని ఆమె కనుక్కుంది. అయినా వద్దన్నాడు. "నేను మీ సర్వరుకి రోగిని, మీకు కాదు. బిళ్ళ నాది, బుర్ర నాది," అంది కుసుమ.

పెద్ద మాటేమీ కాదు. వంటింట్లో ఏ పెళ్ళామైనా అనే మాటే. కాని ఏడేళ్ళుగా ఆమెను తానే బతికిస్తున్నానన్న పొగరు అతనికి నెత్తికెక్కి ఉంది. చెయ్యి చాచి ఆమె చెవి వెనక బిళ్ళ ఊడదీశాడు.

"ఇప్పుడు చెప్పు. అదిగో, తలుపు దగ్గర నిలబడిన పిల్ల ఎవరు?"

కుసుమ చూసింది. అన్నం తింటూ తింటూ లేచొచ్చిన జానూ ఎంగిలి చేత్తో నిలబడి ఉంది. కుసుమ కళ్ళల్లో ఆ పిల్లెవరో లేదు. ఒక చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది, అక్కడ ఉండాల్సిన బరువు లేదు. తన దగ్గర్నుంచి ఏదో లాక్కున్నాడని మాత్రం తెలుసు, అది అప్పుడే జరిగింది కనక.

"ఏవండీ, ఏం తీసుకున్నారు? మీ చేతులు చూపించండి. మీ కాళ్ళకు దణ్ణం పెడతాను, చేతులు చూపించండి."

అతను గుప్పిలి బిగించి నవ్వాడు. జానూ "అమ్మా" అని ఏడ్చింది. కుసుమ ఆ పిల్ల ఎవరిని పిలుస్తోందోనని వెనక్కి తిరిగి చూసింది. మూడున్నర నిమిషాలు అలా గడిచాక, పిల్ల ఏడుపు పక్కింటికి వినబడుతోందని అతను బిళ్ళ తిరిగి పెట్టాడు. పెట్టగానే ఆమె బుర్రలో ఇంకా ఆరని ఆ మూడున్నర నిమిషాలూ కూడా కొండ మీదికి వెళ్ళి ఫైల్లో చేరిపోయాయి. శేషగిరి అంతవరకు ఆలోచించలేదు.

ఆనాటి నుంచి కుసుమ అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. పడుకున్నా చెవి మీద చెయ్యి తీసేది కాదు. అన్నంలో కూర కలుపుకోవడానికి కుడిచెయ్యి, చెవి మీద ఎడమచెయ్యి. దసరా సెలవుల్లో అన్నయ్య వస్తాడనీ, వచ్చాక అన్నీ చెప్తాననీ అంది. ఆ సంగతి కేంద్రానికి తెలిస్తే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా.

సిగ్గుపడ్డాడా అంటే పడ్డాడు. భయపడ్డాడా అంటే అంతకంటే ఎక్కువ పడ్డాడు. ఆ రెండూ కలిసి అతనికి ప్రేమలా కనబడ్డాయి. ఆ మూడున్నర నిమిషాలూ కోసి పారేస్తే, తర్వాతి భయానికి మూలం లేక కుసుమ మళ్ళీ సుఖంగా నిద్రపోతుంది కదా, తన కోసమే కదా అనుకున్నాడు. మరమ్మతు పేరుతో ఫైలు తెరవాలంటే ఇద్దరుండాలని నియమం. ఒక్కడే తెరిచాడు. నకలు తీసుకోకుండా ఏదీ చెరపకూడదన్నది వాళ్ళ పనిలో మొదటి పాఠం. చేతికి అలవాటైన పాఠం కనక ఆ ముక్కను ముందు తన సొంత అరలో దాచుకున్నాడు. తర్వాత కోత మొదలుపెట్టాడు. ముక్క చిన్నదే, కాని ఫైలు మధ్యలోంచి ఏ కాస్త తీసినా సర్వరు మొదట్నుంచీ ఫైలంతా తిరగరాసుకుంటూ రావాలి. దానికి పన్నెండు నిమిషాలు. పూజ తొమ్మిదిన్నరకే కదా, ఈలోగా అయిపోతుంది అనుకున్నాడు.

పంతులు గారు అరగంట ముందొచ్చారు.

*

హారతి అవుతుండగా పెద్దాడి ఫ్యాన్ల హోరు తగ్గి తగ్గి ఆగింది. గోడ మీది స్క్రీన్ మీద నలభై ఒక్క దీపాలు ఒక్కసారి ఆరి, మళ్ళీ పచ్చగా వెలగడం మొదలుపెట్టాయి. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై. జనం చప్పట్లు కొట్టబోయి ఆగారు. ఒక దీపం వెలగలేదు.

'కుసుమ. ఈ ఫైలు మరొకరి వాడుకలో ఉంది.'

"ఎవరి చేతిలో ఉందర్రా ఇది?" అంది రత్నమాంబ. హారతి పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది.

కామేశం అప్పటికే కుర్చీలోకి దూకి వెతకడం మొదలుపెట్టాడు. చిన్నాడికి దారి సరిగానే ఉంది. అనుమతులు సరిగానే ఉన్నాయి. మిగతా నలభై తెరుచుకున్నాయి కనక, ఫైళ్ళన్నీ ఉండే రెండు సర్వర్ల ఉమ్మడి అరలో లోపం లేదు. ఈ ఒక్క ఫైలు మీదే పెద్దాడు వేసిన తాళం మిగిలిపోయింది.

"మేడం, ఇది యంత్రం తప్పు కాదు. ఎవరో తెరిచి ఉంచి లేచారు," అన్నాడు కామేశం. తర్వాత నవ్వించబోయి, "గుమ్మంలో గుమ్మడికాయుంది, దొంగెవరో భుజాలు తడుముకుంటే తెలిసిపోద్ది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. శేషగిరి భుజాల మీదికి చేతులు వెళ్ళలేదు కాని, జేబులోకి వెళ్ళాయి. అక్కడ ఫోను మోగుతోంది.

"నాన్నా," అంది జానూ. "అమ్మ నన్ను ఎవరంటోంది. కడుపు పట్టుకుని ఏడుస్తోంది. నువ్వు మళ్ళీ తీసేశావా?"

'మళ్ళీ' అన్న మాట పక్కవాళ్ళకు వినబడిందేమోనని ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. "లేదమ్మా. పది నిమిషాల్లో సరైపోతుంది. అమ్మ దగ్గరే కూచో," అన్నాడు.

రత్నమాంబ పళ్ళెం దింపి అతని దగ్గరికి వచ్చింది. అతన్ని అనుమానించి కాదు, జాలిపడి. భుజం మీద చెయ్యి వేసి అందరివైపూ తిరిగింది.

"చూడండి, మన శేషగిరి ఇల్లాలి ఫైలిది. ఎవరు తెరిచారో ఇప్పుడు చెప్తే పెద్దాడిని లేపి తాళం మర్యాదగా తీయించేస్తాను. ఎక్కడిదక్కడ ఉంటాది, అరగంట పని. తెరిచినోళ్ళని ఒక్క మాటనను. అమ్మవారి ఎదుట చెప్తున్నాను."

ఆవిడ అలా మూడుసార్లు అడిగింది. ఒక్కమాట, నేనే అన్న ఒక్కమాట అంటే కుసుమకు కూతురు దక్కేది. శేషగిరి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పైగా మూడోసారి అడిగినప్పుడు తల అడ్డంగా ఊపుతూ తనూ అందరి మొహాల్లోకీ చూశాడు.

"సరే. పెద్దాడిని లేపండి. లేచాక తాళం ఎవరిదో వాడే చెప్తాడు," అంది రత్నమాంబ విసిగిపోయి.

పెద్దాడు లేవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో శేషగిరి బుర్ర ఒకే లెక్క వేసింది. పెద్దాడు లేచేలోగా తాళం లేకపోతే పేరూ ఉండదు. మూల కుర్చీలో కూచుని చిన్నాడికి 'తాళం పగలగొట్టు' అని ఆజ్ఞ ఇచ్చాడు. లోపల ఎవరైనా రాస్తూ రాస్తూ ఆగిపోయారేమో చూడకుండా తాళం పగలగొట్టకూడదు. ఆ సంగతి కొత్తగా చేరినవాళ్ళకు ప్రతి ఏడూ పాఠం చెప్పేది శేషగిరే. తిరగరాత మూడింట రెండు వంతులే అయిందనీ, పాత వరస పోయి కొత్త వరస ఇంకా కుదరలేదనీ అతనికి తెలుసు. తెలిసీ, ఏమో, నిలబడుతుందేమో అనుకున్నాడు.

'నిజంగా పగలగొట్టమంటారా?' అని స్క్రీన్ అడిగింది.

నొక్కాడు.

నలభై ఒకటో దీపం పచ్చగా వెలిగింది. "వచ్చేసింది!" అని ఎవరో అరిచారు. కామేశం లేచి శేషగిరిని కౌగిలించుకోబోయాడు. ఆ కౌగిలి పూర్తికాకముందే దీపం ఎర్రబడింది.

'ఫైలు తెగిపోయింది. చదవడానికి వీలు లేదు.'

మనిషి జ్ఞాపకానికి రెండు సర్వర్ల ఉమ్మడి అర తప్ప మరెక్కడా నకలు ఉండకూడదని చట్టం. ఒకరి బుర్రను ఇంకొకరు దాచుకోకుండా చేసిన చట్టం అది, మంచి చట్టమే. అందుకని వెతకడానికి ఇంకో చోటు లేదు. కామేశం సాయంత్రం దాకా వెతికాడు. అతుకులు వేశాడు. ఏడేళ్ళ ఫైల్లోంచి ఒక్క నిమిషం కూడా వరసగా చదవగలిగేది దొరకలేదు.

పెద్దాడు లేచాడు. తాళం వేసినవారి జాబితా శేషగిరి అనుకున్నట్టే ఖాళీగా ఉంది. దాని కింద ఇంకో వరస ఉంది. తాళం పగలగొట్టినవారు ఎవరన్నది సర్వరు ఎన్నటికీ చెరపదు. రత్నమాంబ ఆ పేరు పైకి చదవలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడుచుకుంది. "చేతులెత్తి ఖాళీ అన్నావు కదరా," అంది చివరికి.

*

ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. కేసు పెట్టారు, విచారణకు ఇంకా టైముంది. రత్నమాంబ ఇంటికి ఆయాను పంపుతానంటే శేషగిరి వద్దన్నాడు. బొబ్బిలి నుంచి బావగారు వస్తానంటే కుసుమకు జ్వరమనీ, డాక్టర్లు ఎవరినీ రానివ్వద్దన్నారనీ చెప్పాడు. కుసుమ అలా ఉండడం నలుగురూ చూస్తే తట్టుకోలేనని తనకు తనే చెప్పుకున్నాడు.

కుసుమకు ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు, ఎనిమిదో నెల. అద్దంలో ముప్ఫై మూడేళ్ళ మొహం చూసినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది, ఐదు నిమిషాల్లో మరిచిపోతుంది. చెయ్యి కడుపు మీదికి వెళ్తుంది. "ఏవండీ, నా కడుపేదీ? బిడ్డ ఏదీ?" అంటుంది. మొదటి రెండు రోజులూ శేషగిరి "పుట్టింది కుసుమా, ఇదిగో, నీ కూతురు" అని జానూను ముందుకు తోశాడు. పొత్తిళ్ళలో పసిగుడ్డు కోసం వెతికే కళ్ళకు ఏడేళ్ళ పిల్ల కనబడింది. ఒకసారి నవ్వింది కుసుమ, వేళాకోళం ఆడుతున్నాడని. ఒకసారి, నా బిడ్డ చచ్చిపోయిందని చెప్పలేక ఎవరి పిల్లనో తెచ్చి చూపిస్తున్నారా అని గోడకేసి తల కొట్టుకుంది. నుదురు చిట్లింది. ఐదు నిమిషాల తర్వాత ఆ రక్తం ఎక్కడిదని అడిగింది.

మూడోనాటికి జానూయే ఒక ఉపాయం కనిపెట్టింది.

"నేను పక్కింటి అమ్మాయినండి," అంది తల్లి అడిగినప్పుడు. "బిడ్డ లోపల బజ్జుందట. డాక్టరు గారు చెప్పమన్నారు."

ఆ మాట పనిచేసింది. కుసుమ నెమ్మదించి, పక్కింటి అమ్మాయిని దగ్గర కూచోబెట్టుకుని జడ వేసింది. "ఎంత ఒత్తు జుట్టే నీది! మీ అమ్మ అదృష్టవంతురాలు. నాక్కూడా ఆడపిల్లే పుడితే బాగుణ్ణు," అంది. జానూ కదలకుండా కూచుంది. జడ సగమయ్యేసరికి కుసుమ చేతులాగాయి. "ఎవరమ్మా నువ్వు?" అంది. "పక్కింటి అమ్మాయినండి," అంది జానూ. రోజుకు వందసార్లు ఆ పిల్ల ఆ మాట చెప్పింది. చెప్పీ చెప్పీ చివరికి గొంతులో ఏ తడీ లేకుండా చెప్పడం నేర్చుకుంది.

ఇక శేషగిరి సంగతి. కుసుమకు అతను కొత్త పెళ్ళికొడుకు. గదిలోకి వస్తే మొహం విప్పారుతుంది. "ఇవాళ త్వరగా వచ్చారే," అని మురిసిపోతుంది. చెవి మీద చెయ్యి పెట్టుకోవడం మరిచిపోయింది. ఎడమచెయ్యి ఇప్పుడు అతని చేతిలో ఉంటోంది. రెండు నెలలుగా ఆ చూపు కోసం మొహం వాచి ఉన్నవాడు. పక్కన కూతురు పరాయిదై కూచుని ఉండగా, ఆ చూపు తనకు హాయిగానే ఉందని తెలిసి ఒకరోజు దొడ్లోకి పారిపోయాడు. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ ఆమె పక్కనే కూచున్నాడు.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న రత్నమాంబ వచ్చింది. వీధి వరండాలోనే కూచుంది.

"నీ అరలో ఒక ముక్క దొరికింది," అంది. "మూడున్నర నిమిషాలు. చెడలేదు."

శేషగిరి లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు.

"చూశాను. చూడక తప్పలేదు. నీ మొహం చూడకూడదనుకున్నాను గాని, ఆ పిల్ల మొహం చూసొచ్చాను." ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసింది. "తెగిన ఫైలు పేరు మీద కొత్త ఫైలు తెరుచుకోదు, నీకు తెలుసు. తోడు లేకుండా పాలు తోడుకోవు కదా. ఆ మనిషిదే చెడని ముక్క ఒకటుంటే, దాన్ని పెట్టి మొదలెట్టొచ్చు. ఆ తర్వాత చూసిందల్లా దానికి అతుక్కుంటూ పోతాది. కుసుమకి ఇక మీదట ఏదైనా గుర్తుండాలంటే ఇదొక్కటే దారి. రోగికి దిక్కు మొగుడే అని చట్టం, కేసు తేలే దాకా అది నువ్వే. సంతకం నువ్వే పెట్టాలి."

"అదొక్కటేనా? ఇంకేమీ దొరకలేదా? మేడం, ఇంకేదైనా, ఒక పుట్టినరోజు, ఒక..."

"నువ్వు దాచుకుంది అదొక్కటే," అంది రత్నమాంబ.

శేషగిరి కాగితం తీసుకున్నాడు. సంతకం పెడితే ఏడేళ్ళ కాపురంలో ఆమెకు మిగిలేది ఆ మూడున్నర నిమిషాలు. పెట్టకపోతే చచ్చేదాకా తను కొత్త పెళ్ళికొడుకు. "ఆలోచించుకుని చెప్తాను," అన్నాడు. అనగలిగాడు.

తలుపు చాటు నుంచి జానూ వచ్చింది. సగం జడ భుజం మీద విడిపోయి ఉంది.

"నాన్నా, ఆ ముక్కలో నేనున్నానా?"

"ఉన్నావమ్మా."

"ఏం చేస్తున్నాను?"

"ఏడుస్తున్నావు."

"అమ్మ నన్ను చూస్తోందా?"

"చూస్తోంది."

"అయితే పెట్టించు," అంది జానూ. పెన్ను తనే తెచ్చి ఇచ్చింది.

*

కొండ మీద కిటికీ ఉన్న ఒక చిన్న గదిలో కుసుమను కుర్చీలో కూచోబెట్టారు. పెద్దాడి మీద దసరా నాటి పసుపు ఇంకా అలాగే ఉంది. కామేశం శేషగిరి వైపు చూడకుండా పని చేశాడు. ముక్కను ఉమ్మడి అరలో పెట్టి, రెండు సర్వర్లకూ చూపించి, ఎవరి తాళమూ లేదని రెండుసార్లు చూసుకున్నాడు.

బిళ్ళ పెట్టే ముందు కుసుమ మొగుడి వైపు చూసి నవ్వింది. "భయంగా ఉందండీ. దగ్గరుండండి," అంది. అతను దగ్గరికి జరిగాడు. ఆమె చెయ్యి చాచి అతని వేళ్ళు పట్టుకుంది. జానూ తలుపు దగ్గర నిలబడింది, ఎవరూ అక్కడ నిలబడమని చెప్పకుండానే.

దీపం పచ్చబడింది.

మొదట ఏమీ కాలేదు. కుసుమ రెండుసార్లు కనురెప్పలు ఆర్పింది. తర్వాత ఆమె వేళ్ళు అతని వేళ్ళలోంచి, వేడి గిన్నె తగిలినట్టు, జారిపోయాయి. ఎడమచెయ్యి ఎగిరి చెవి మీద పడింది. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి.

"కుసుమా," అన్నాడు శేషగిరి.

ఆమె అతన్ని చూడలేదు. అతని గుప్పిళ్ళను చూసింది.

"మీ చేతులు చూపించండి," అంది.

శేషగిరి రెండు చేతులూ ఎత్తాడు. అరచేతులు విప్పి చూపించాడు. ఈసారి నిజంగానే వాటిలో ఏమీ లేదు.

ఆ చేతుల మీంచి చూపు తీయకుండానే కుసుమ గోడ వెంబడి జరుగుతూ తలుపు దాకా వెళ్ళింది. అక్కడ పిల్ల తగిలింది. వంగి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఆ రోజు తలుపు దగ్గర ఏడ్చింది నువ్వే కదూ? అమ్మా అని పిలిచావు."

"నేనేనండి," అంది జానూ. 'పక్కింటి అమ్మాయిని' అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టుంది. "నేనే పిలిచాను."

"మీ అమ్మేది?"

జానూ తల్లి చీర కొంగు పట్టుకుంది. రత్నమాంబ వాళ్ళవైపు ఒక అడుగు వేసి ఆగింది.

"సరేలే," అంది కుసుమ గొంతు తగ్గించి. చెవి మీది చెయ్యి చెవి మీదే ఉంచి, రెండో చేత్తో పిల్ల మణికట్టు పట్టుకుంది. "ఎవరి పిల్లవైతేనేం. నువ్వు ఇక్కడ ఉండకు. ఆయన దగ్గర ఉండకు. నాతో రా."

ఇద్దరూ బయటికి వెళ్ళారు. వాళ్ళ వెనకే రత్నమాంబ వెళ్ళింది. నడవలో కుసుమ వెనక్కి తిరిగి, అద్దాల తలుపులోంచి అతని చేతులు ఎక్కడున్నాయో మరోసారి చూసుకుంది.

అవి పైనే ఉన్నాయి. దించమని ఆమె చెప్పలేదు కనక శేషగిరి దించలేదు.